కనెక్షన్ నా పేరు మీద ఉంది

అమ్మీకి సలాం. గుడివాడలో ఒంట్లో బాగానే ఉన్నాను, కంగారుపడకు. మా ఫోన్లు పోలీసుల దగ్గరున్నాయి. ఎవరి ఫోనైనా అడిగి మాట్లాడితే ఏడ్చేస్తానని కార్డు రాస్తున్నాను.

నేనూ, నవ్యశ్రీ, పుష్పా అద్దెకుంటున్న ఇంట్లో కంప్యూటర్లకి కలిసి వాడుకునే నెట్ కనెక్షన్ నా పేరు మీదే ఉంది కదా. దాన్నుంచి ఎవరో ఒక కాలేజీ అమ్మాయికి బెదిరింపులు పంపారట. నిన్న ఎస్సై గారొచ్చి, "షిరీన్ అంటే ఎవరమ్మా?" అంటే నేనేనని ముందుకొచ్చాను. కంప్యూటర్లన్నీ పట్టుకెళ్లారు. తర్వాత మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. చివరికి నవ్యశ్రీ, "పై వాటాలో ఆయన అడిగితే పాస్‌వర్డ్ ఇచ్చానక్కా" అని ఏడ్చింది. వెంటనే స్టేషన్‌కెళ్లి చెప్పాం. అతను అప్పటికే తాళం వేసి ఎటో పోయాడు. మెట్ల మీద చప్పుడైతే చాలు, లేచి తలుపు గడియ చూసుకుంటున్నాను.

వచ్చే శుక్రవారం మళ్లీ స్టేషన్‌కి రమ్మన్నారు. నాకు తోడుగా బిలాల్ భాయ్‌ని ఆ రోజు బందరులో పొద్దున్నే బస్సెక్కించు. అబ్బాకి మెల్లగా చెప్పు. ఆయన బీపీ మాత్రలున్నాయా? చెల్లి ఇఫ్రా పరీక్షలెలా రాస్తోంది?

దువాలో నాతోపాటు ఆ అమ్మాయిని కూడా తలుచుకో. పేరు నాకు తెలియదు. మాకంటే ఎక్కువ భయపడుతూ ఉంటుంది.

నీ షిరీన్