గుమ్మానికి వేపమండలు

ఆత్మకూరు, గురువారం రాత్రి

మొహమంతా పొట్టు లేస్తోంది. ఇంట్లో పీల్, అంటే పైచర్మం ఊడగొట్టే మందు, రాసుకుంటే ఇలాగే లేస్తుంది, ఆ తర్వాత మొటిమల మచ్చలు పోతాయి. నాకు భయం లేదు. భయపడింది అవ్వే. పొద్దున నన్ను చూసి, అమ్మవారు పోసిందనుకుని గుమ్మానికి వేపమండలు కట్టేసింది. నేను కాదనలేదు. ఎండలోకి పోనక్కర్లేదు, నాయన అంగట్లో కూర్చోమనడు. గడ్డం దగ్గర మాత్రం మంట ఎక్కువగా ఉంది. అక్కడ కొత్త మచ్చ పడితే...

సాయంత్రం అవ్వ నా పీల్ సీసా పట్టుకుని వచ్చింది.

"అమ్మవారు సీసాలో గూడా వస్తాదని నాకు తెలీదే!"

తిడుతుందనుకున్నాను. ముసలి మచ్చలున్న తన చెయ్యి నా ముందుకు చాపింది.

"నీ మొహం బాగుపడితే దీనికి గూడా రాయి. అందాకా మండలు ఉండనీ."