ఫొటోల గదిలో ఆముదం నిబంధన

గుంటూరు, 12-3-1987.

విశ్వంభర ధర్మాసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, పొదిలిలో పరుపులు కుట్టుకొని బ్రతుకు ఖాజావలి వ్రాసుకొను అర్జీ.

విషయం: నా భార్య కరీమున్‌కు అక్కర లేనప్పుడు ఫొటో తీసి, అక్కరైనప్పుడు తీయకుండుట గురించి.

అయ్యా,

1. పోయినేడు మిరపకాయ కోతల్లో రోజంతా నీళ్ళు తాగక నా భార్యకు మూత్రంలో మంట పుట్టినది. జ్వరం లేదు, నొప్పి లేదు. మాత్రలతో పోవు దానికి తమ డాక్టరు ఎక్స్‌రే వ్రాసినారు. "కడుపు ఖాళీ అగుటకు రాత్రి ఆముదం తాగి పరగడుపున రావలెను" అని చీటీ ఇచ్చినారు. ఎవరు తాగవలెనో అందులో లేదు గనుక ఇద్దరమూ తాగితిమి. తెల్లవారి బస్సు ఎక్కితిమి. అద్దంకి చేరేలోపల నాలుగుచోట్ల ఆపించితిమి. అయిదోసారి కండక్టరు ఆపలేదు. అంతకుమించి వ్రాయుటకు నాకే అసహ్యముగా నున్నది. ఫొటోలో ఏమీ లేదన్నారు. మంట మాత్రలతోనే పోయినది.

2. ఇప్పటి సంగతి వేరు. నాలుగు రోజులుగా చలిజ్వరం, నడుము పక్కన మెలిపెట్టు నొప్పి, మూత్రంలో నెత్తురు. నిన్నటి నుండి చుక్కలు తప్ప రావడం లేదు. చూసిన డాక్టరమ్మ, "రాయి అడ్డం పడినట్టుంది. కొత్త స్కాన్ మిషను మీద ఇప్పుడే చూడాలి. దీనికి ఆముదం గీముదం అక్కర్లేదు" అని, ఎర్రసిరాతో అర్జంటని వ్రాసి ఇచ్చినది.

3. ఆ చీటీ ఫొటోల గది గుమాస్తా దానయ్యకు చూపితిని.

"ఆముదం తాగిందా?" అన్నాడు. లేదన్నాను. పాత రిజిస్టరు తిరగేసినాడు.

"బొమ్మ ఏదైనా ఆముదం ఆముదమేనయ్యా. తాగించుకుని రేపు రా. అయినా పోయినేడు తీశాంగా, బాగానే ఉందిగా."

డాక్టరమ్మ అక్కర్లేదన్నదంటే, "ఆమె మొన్న వచ్చింది. నేను పద్నాలుగేళ్ళ నుంచీ ఉన్నా" అని, కిళ్ళీ ఉమ్మి, మూతి తుడుచుకున్న చేత్తోనే చీటీ నా మీదకు విసిరినాడు.

ఛీ, ఏం మనుషులయ్యా మీరు. ఒట్టి మంటకు ఆముదం పోసి మరీ తీస్తారు, మనిషి పోతుంటే రిజిస్టరు తిరగేస్తారు. తప్పుగా వ్రాసియుంటే మన్నించవలెను. మన్నించకపోయినా ఆ గది తలుపు తీయించవలెను.

కావున చీటీ మీద తమ సంతకం చేసి, ఈ పూటే స్కాన్ తీయించ ప్రార్థన. ఈ నాలుగు ముక్కలు కూర్చుని కాక, లేచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఖాజావలి

తా.క. నేను తమ గది ఎదుటి బల్ల మీదనే ఉన్నాను. కరీమున్ నా ఒళ్ళో తల పెట్టి పడుకున్నది. ఆ చుక్కలు కూడా ఆగిపోయినవి. దానయ్య మాట విన్నది గాబోలు, కళ్ళు తెరవకుండానే అడుగుతున్నది: "ఏమయ్యా, ఆముదం తెచ్చావా? ఇయ్యి, తాగుతాలే."