పంచదార మంచు

అల్ కుసైస్, దుబాయ్
19 డిసెంబర్ 2024

మంచుకొండల మహాపండితులు శ్రీ శశాంక్ గారికి తన్మయి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ మావారు మూర్తి గారూ క్షేమం. ఇంటర్నేషనల్ సిటీలో తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు, నిన్న కూడా కొత్త ఫొటో పెట్టారు.

మర్యాద అయింది. ఇక నువ్వు అనే రాస్తాను.

నువ్వు పంపిన కాగితం అందింది. గైడ్ లెవాన్ మనల్ని ఏమాత్రం హెచ్చరించలేదని అందరం సంతకాలు పెట్టాలట. పెడితే అతని లైసెన్సు పోతుంది. ముగ్గురు పిల్లల తండ్రి, ఇరవై ఏళ్లుగా ఆ కొండలనే నమ్ముకుని బతుకుతున్నవాడు. నీకు మాత్రం చుట్టాల ముందు తలెత్తుకు తిరగడానికి వీలవుతుంది. నేను పెట్టను.

అసలు నీ గొప్పేమిటి శశాంక్? మాల్‌లో ఏసీ మంచు మీద స్కీలు కట్టుకుని నలభై ఆదివారాలు జారావు. అక్కడ రోజూ మెషీన్‌తో చదును చేసి తలుపులు తీస్తారు. పైన ఎంత గట్టో అడుగునా అంతే గట్టి. మంచంటే అదేననుకుని, ఈ నెల మొదట్లో నేషనల్ డే సెలవులకు అందరినీ జార్జియా తీసుకెళ్లావు. టిబిలిసిలో ఆరేళ్లు ఎంబీబీఎస్ చదివి అక్కడి భాషా చలీ తెలిసినదాన్ని నేను. నన్ను పట్టుకుని, డాక్టరమ్మకు భయమెక్కువ, దుప్పటి కప్పుండ్రి అని దారంతా ఎగతాళి చేశావు.

కొండ మీద లెవాన్ పారతో నడుంలోతు గొయ్యి తవ్వాడు. అక్టోబర్‌లో పడిన మంచు అడుగున పంచదారలా పొడిపొడిగా మారిపోయింది. అరచేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. దాని మీద రెండు రోజుల ముందు పడిన కొత్త మంచు ఏ పట్టూ లేకుండా మందంగా కూర్చుంది. గొయ్యి తవ్వి చూపించడం హెచ్చరిక కాకపోతే మరేమిటి? నువ్వేమో అందులో దిగి సెల్ఫీ తీసుకున్నావు. మూర్తి గారి బూటు పట్టీ ఊడితే బిగించడానికి లెవాన్ అలా వెనక్కి వెళ్లాడో లేదో, యల్లా బామ్మర్దీ, దిగు, ఏం గాదు, నేనున్నా గదా అంటూ నీ భార్య తమ్ముడు చరణ్‌తేజ్‌ని వెంటేసుకుని ఆ వాలు మీదికి దిగావు.

మంచు లోపల ధబ్బుమని చప్పుడైంది. వాలంతా పలకలా పగిలింది. నువ్వు దాటేశావు, వాడు కొట్టుకుపోయాడు. లెవాన్ పరుగున దిగి పది నిమిషాలు తవ్వి, నీలంగా మారిన ఆ ముఖాన్ని బయటికి తీశాడు. నువ్వు ఖలాస్, అంతా ఖలాస్ అని అరుస్తూ నిలబడ్డావు. నీ వీపు సంచిలో కూడా ఒక పార ఉంది మహానుభావా.

తుంటి విరిగి మంచంలో ఉన్న చరణ్ నిన్న ఫోన్ చేశాడు. అక్కా, ఆ లెవాన్ లేకుంటే నేను లేను గదా, ఆయన మీదనే ఎట్ల సంతకం పెట్టాలె అని ఏడ్చాడు. వాడికి ఇరవై ఆరేళ్లు, నీకు నలభై. సిగ్గు వయసుతో పాటు వచ్చేది కాదని నిన్ను చూశాకే తెలిసింది.

నీ కాగితం తిప్పి పంపుతున్నాను. ఇకపై నా గడప తొక్కకు.

ఇట్లు,
ఒకప్పుడు నీ స్నేహితురాలు
తన్మయి

తా.క.: అంటించిన కవరు మళ్లీ విప్పాను. గొయ్యి దగ్గర లెవాన్ నాతో ఐదు నిమిషాలు మాట్లాడాడు. మీలో ఎవరికీ ఆ భాష రాదు, అతని మాట మీకు చేర్చాల్సింది నేనే. ఈ వాలు ఇవాళ తెగుతుంది, ఒక్కరు కూడా కాలు పెట్టొద్దు, అందరికీ చెప్పు అన్నాడు. ఏమంటుండు డాక్టరమ్మా, భయపెడ్తుండా అని నువ్వు నవ్వావు. మళ్లీ పిరికిదాన్ననిపించుకోవడం ఇష్టంలేక, ఏం లేదు, కొంచెం జాగ్రత్తగా వెళ్లమంటున్నాడు అన్నాను. కాబట్టి నీ కాగితంలో ఉన్నది నీకు తెలిసినంతవరకు నిజమే. జరిగిందంతా వాళ్ల భాషలో రాసి, నా సంతకంతో లెవాన్ ఆఫీసుకు పొద్దున్నే పంపాను. చరణ్‌కి మాత్రం చెప్పలేకపోయాను. వాడు నన్ను ఇంకా అక్కా అనే పిలుస్తున్నాడు.