రేడియోలో నీ పేరు వచ్చిందా

నడికుడి కాపురస్తురాలు, దావీదు భార్య సువార్తమ్మ, వయస్సు అరవై పైన, కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నదాన్ని, గుంటూరులో ఉన్న నా కూతురు హన్నమ్మకు చెప్పి వ్రాయిస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక రేడియో వాళ్ళు మాటలు పట్టే పెట్టె తెచ్చారు. బిడ్డల్ని చదివించిన తల్లులకు సన్మానమట. మీ తమ్ముడు మాస్టరయ్యాడని నా మెడలో దండ వేసి, "మామ్మగారూ, కొడుకు కోసం ఏం త్యాగం చేశారు?" అని అడిగారు.

"నేనేంది చేసేది నాయనా? కూలికి పోయా. పోకపోతే నేను మాత్రం ఏం తింటా? బడి మానింది నా కూతురు హన్నమ్మ. మూడో తరగతిలో నేనే మానిపించి తమ్ముణ్ణి దాని చంకనెక్కించా. ఈ దండ దానిది" అన్నాను.

"అది వద్దులెండి, మీ కష్టం చెప్పండి" అన్నాడాయన.

"చెప్పిందే చెప్పా, ఇంకోటి లేదు" అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వస్తుందట. మా పంచాయతీ రేడియో చెడిపోయి నెలైంది. నువ్వు పక్కింట్లో కూర్చుని విను. నా గొంతు నాలాగే ఉందా? నీ పేరు ఉంచారా, తీసేశారా? తీసేస్తే నేనే పోయి అడుగుతాను.

పచ్చడి జాడీ ఖాళీ అయితే పంపు. దండ వాడింది, అయినా నీ కోసం మేకుకు తగిలించి ఉంచాను. జవాబు ఎవరి చేతా వ్రాయించకు. మూడో తరగతి దాకా వచ్చిన అక్షరాలతోనే నువ్వే వ్రాయి. ప్రభువు నిన్నూ పిల్లల్నీ చల్లగా చూడాలి.

సువార్తమ్మ వేలిముద్ర.
సాక్షులు: కోడలు ఎలిజబెత్, పొరుగింటి యేసుపాదం.
వ్రాసినది: నువ్వు చంకనెత్తుకున్న తమ్ముడు ఆనందరావు.