నీలం ట్యాగుల పాక

మార్చి 4

ప్రియమైన అక్కకు,

దాణా లారీ డ్రైవరు చేత ఈ ఉత్తరం, డెబ్బై పొట్లాలు పంపుతున్నాను. ఫోన్లో చెప్తే "సరేలేరా" అని సగం విని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే పాక గోడకి అంటించుకుంటావని నా ఆశ.

మొత్తం నలభై గొర్రెపిల్లలు. ఇరవైంటి చెవులకి పసుపు ట్యాగు, ఇరవైంటి చెవులకి నీలం. మధ్యలో కంచె. దాణా ఒకటే, నీళ్ళు ఒకటే. పసుపు వాటికి మాత్రం రోజూ పొద్దున దాణాలో ఒక పొట్లం పొడి కలపాలి. నీలం వాటికి పొడి లేదు. ప్రతి పొట్లం నేనే తూచి కట్టాను, కాబట్టి నీ చేతి కొలత వాడకు.

ఆ పొడి ఏమిటని అడిగావు. విటమిన్ ఇ, చిటికెడు సెలీనియం అనే ఖనిజం. మాంసం కోసి పళ్ళెంలో పెడితే గాలి తగిలి నాలుగు రోజుల్లో ఎరుపు పోయి గోధుమరంగుకి తిరుగుతుంది. ఆపిల్ ముక్క కోసి వదిలేస్తే నల్లబడుతుంది చూడు, అలాంటిదే. మేతలోనే ఈ పొడి పెడితే ఆ పాడవటం ఆలస్యమవుతుందని, పిల్లలు కూడా బాగా ఒళ్ళు చేస్తాయని నా నమ్మకం. అది నిజమో కాదో తేలాలంటే పొడి తినని పాక ఒకటి పక్కనే ఉండాలి. అందుకే నీలం.

ఇంకో మాట. మా ల్యాబ్ రిజిస్టర్లో నిన్ను అక్క అని రాయలేదు, రైతు అని రాశాను. సొంతవాళ్ళ దగ్గర పరీక్షలు పెట్టకూడదని ఆఫీసు రూలు. నీ అంత శుభ్రంగా పాక ఉంచేవాళ్ళు నాకింకెక్కడ దొరుకుతారు? ఎవరైనా ఫోన్ చేస్తే నన్ను సార్ అను. నవ్వొచ్చినా ఆపుకుని అను. దీనికోసం రెండేళ్ళు మా ల్యాబ్ పెద్దాయన వెంటపడ్డాను. ఇది తేలిందంటే ఈ పరిశోధన నా చేతికే ఇస్తారు. తేలకపోతే నన్ను మళ్ళీ సీసాలు కడిగే గదిలో కూర్చోబెడతారు.

ఉంటాను,
నీ తమ్ముడు (రిజిస్టర్లో సార్)


ఏప్రిల్ 2

ఒరేయ్ చిన్నోడా,

నాలుగు వారాల తూకాలు వెనక కాగితం మీద ఉన్నాయి. మీ బావ తూచాడు, నేను రాశాను. అంకెలు వంకరగా ఉన్నాయంటే తప్పు నాది కాదు, గొర్రెపిల్లది. తక్కెడ మీద ఒక్కటీ కుదురుగా నిలబడి చావదు.

నిన్న మీ ల్యాబ్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మాంసం రంగు కొలిచేది తనేనట. "సార్ బాగున్నారాండీ" అని అడిగాను. పక్కన మీ బావ నోట్లో కండువా కుక్కుకున్నాడు. మంచావిడరా. పళ్ళేలు లైటు కింద ఏడు రోజులు పెడతారట కదా, ఆ ఏడు రోజులూ కుర్చీ వేసుకుని వాటి దగ్గరే కూర్చుంటానని చెప్పింది. పదకొండేళ్ళుగా అదే పనట. గొర్రెపిల్లలకి ఏమైనా పేర్లు పెట్టారా అని కూడా అడిగింది. పేర్లెందుకు, వాటికి ట్యాగులున్నాయి అన్నాను. అబద్ధం. ఒకదాన్ని కుంటిది అని పిలుస్తున్నాను. నీలం పాకలోది. వెనక్కాలు సరిగా ఆనదు, అందరికంటే ఆఖర్న తింటుంది.

ఈ పొడి ఎండుగడ్డి వాసనొస్తోంది. పొద్దున పొట్లం విప్పానంటే చాలు, నీలంవి ఇరవయ్యీ వచ్చి కంచెకి ముక్కులు ఆనించి నిలబడతాయి. వాటి మొహాలు చూడలేకపోతున్నాను. నీకేం, కుర్చీలో కూర్చుని పసుపంటావు, నీలమంటావు. ఎలాగూ కోతకి పోయేవే కదా అంటావు. పోతే పోనీ, ఉన్నన్నాళ్ళయినా ఒకే చేత్తో పెట్టాలి కదరా.

నీలం వాటికి కొంచెమైనా ఇవ్వకూడదా? వద్దంటావని తెలుసు. అడిగానంతే.

వేళకి తిను. ఒళ్ళు జాగ్రత్త.

అక్క


జూలై 9

ప్రియమైన అక్కకు,

ఇన్నాళ్ళూ రాయలేదు, కోప్పడకు. నీ ఏప్రిల్ ఉత్తరానికి కూడా జవాబివ్వలేదు.

కోతా, కొలతలూ అన్నీ అయిపోయాయి. పసుపు వాటి తూకం, నీలం వాటి తూకం ఒకటే. దానికి నేను అంత బాధపడలేదు. కానీ పళ్ళేల్లోనూ అంతే. ఏడో రోజుకి నీలం పళ్ళేల్లో గోధుమరంగు వచ్చి తీరాలి. రాలేదు. నలభై పళ్ళేలూ ఒకేలా ఎర్రగా ఉన్నాయి. పొడి తినని మాంసం లైటు కింద ఏడు రోజులు అలా ఉండదు, ఈ ల్యాబ్‌లో ఎవరిని లేపి అడిగినా చెప్తారు. కాబట్టి పళ్ళేలు లైటు కిందికి రానేలేదని, చలిపెట్టెలోనే ఉంచి, కూర్చున్న చోట అంకెలు రాసేశారని పెద్దాయన తేల్చేశాడు.

నీకు ఫోన్ చేసినావిడని పనిలోంచి తీసేశారు. "నేను పెట్టాను సార్, ఏడు రోజులూ అక్కడే ఉన్నాను" అని నాలుగుసార్లు చెప్పింది. వెళ్తూ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

కాలేయాల పరీక్ష బయటి ల్యాబ్‌కి పంపాం. ఏ పిల్ల ఎంత పొడి తిన్నదీ కాలేయంలో తెలిసిపోతుంది. ఆ కాగితాలు ఇంకా రాలేదు. నీలం వాటికి పొడి పోలేదు కదా? పోదులే, నువ్వున్నావుగా.

ఉంటాను,
నీ తమ్ముడు


జూలై 17

చిన్నోడా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వండిన అన్నం వండినట్టే ఉంది.

పోయిందిరా. నీలం వాటికి పొడి పోయింది. నేనే పెట్టాను.

నీకు ఆ ఉత్తరం రాసిన వారంలోనే మొదలుపెట్టాను. ముందు కుంటిదానికి చిటికెడు పెట్టాను. పక్కది చూస్తూ నిలబడింది, దానికీ పెట్టాను. మూడో రోజుకి పొట్లం విప్పి రెండు భాగాలు చేశాను. నీ దగ్గరున్నటువంటి చిన్న తక్కెడ నాకెక్కడిది? చెంచాతో కొలిచాను, ఒక చెంచా అటు, ఒక చెంచా ఇటు. ఆఖరి రోజు వరకూ అంతే. మీ బావకి కూడా చెప్పలేదు. నీ పరీక్ష పాడవుతుందని తెలియక కాదు. తెలుసు. రోజూ పొద్దున ఇవాళ్టితో ఆపేద్దాం అనుకునేదాన్ని. పొట్లం విప్పగానే ఆ ఇరవై ముక్కులూ కంచెకి ఆనేవి.

చెప్పకూడదనుకున్న మాట ఒకటి చెప్తున్నాను. చిన్నప్పుడు నీకు ఒంట్లో బాగుండేది కాదు. ఇంట్లో ఉండేవి గ్లాసుడు పాలు. అమ్మ నన్ను గుమ్మం అవతలికి పంపి నీకు పట్టేది. అమ్మది తప్పని నేననను, నువ్వు బతకాలి కదా. కానీ గ్లాసులో పాలు అడుగంటే చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తలుపు సందులోంచి చూసేదాన్ని, నువ్వు కళ్ళు గట్టిగా మూసుకుని తాగేవాడివి, నీకేం తెలుసు పాపం. ఒక పాకకి పెట్టి ఒక పాకని చూస్తూ నిలబెట్టే పని నాకు ఎందుకిచ్చావురా?

నీ రెండేళ్ళ కష్టం మట్టిపాలు చేశాను. నువ్వు నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ ఆవిడేం చేసింది? ఏడు రోజులు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాసింది. ఈ ఉత్తరం తీసుకెళ్ళి మీ పెద్దాయనకి చూపించు. అక్కనని కూడా చెప్పేసెయ్. నాకు ముద్ద దిగడం లేదు.

అక్క


ఆగస్టు 11

చిన్నోడా,

ఇరవై అయిదు రోజులయింది. ఫోన్ చేస్తే మీటింగంటున్నావు. ఆవిడ మళ్ళీ పనిలోకి వచ్చిందా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పు చాలు. వచ్చే బుధవారం లోపల చెప్పకపోతే నేనే బస్సెక్కి వస్తాను. మీ ఆఫీసు హాల్లో కూర్చుని అందరి ముందూ నిన్ను తమ్ముడూ అని పిలుస్తాను.

అక్క


ఆగస్టు 20

ప్రియమైన అక్కకు,

బస్సెక్కకు. ఆవిడ నిన్న పొద్దున పనిలోకి వచ్చింది.

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. చూపించాల్సింది వేరే ఉంది. కాలేయాల కాగితాలు ఇంకా రాలేదని నీకు రాశాను చూడు, అది అబద్ధం. అంతకు ముందు రోజే వచ్చాయి. కవరు నా పేరు మీద వచ్చింది, నేనే చింపాను. పసుపు వాటిలో పొడి ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. నీలం వాటిలోనూ సరిగ్గా అంతే. ఒక నిమిషం కూడా ఆలోచించలేదక్కా. అంత సమంగా పంచే చెయ్యి ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. కాగితం మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ మర్నాడే పెద్దాయన ఆవిడని పిలిచి పొమ్మన్నాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. అదే రోజు కూర్చుని, నీలం వాటికి పొడి పోలేదు కదా అని నిన్ను అడిగాను. నువ్వు లేదంటే చాలు, నేనూ నమ్మేద్దామనుకున్నాను.

నిన్ను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఒట్టి మాట. రైతు అని రాసి అక్కని దాచానని బయటపడితే నా కుర్చీ పోతుందని భయం. నీ ఉత్తరం వచ్చాక కూడా నెల రోజులు సొరుగు తెరవలేదు. పొడి పంచినందుకు నువ్వు ముద్ద మానేశావు. నేను రోజూ ఆఫీసు క్యాంటీన్లో శుభ్రంగా తింటూనే ఉన్నాను. సిగ్గుగా ఉంది.

సోమవారం పెద్దాయన బల్ల మీద ఆ కాగితం పెట్టి అంతా చెప్పాను. పరీక్ష కొట్టేశారు. నన్ను సీసాలు కడిగే గదికి పంపారు. ఆవిడ ఇంటికి నేనే వెళ్ళాను. కూర్చోమనలేదు. ఆ కాగితం మీ దగ్గర ఎన్ని రోజులుంది అని ఒక్కటే అడిగింది. నలభై ఒక్క రోజులని చెప్పాను. తలుపు వేసేసుకుంది. నిన్న ల్యాబ్‌లో ఎదురుపడితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ పక్కకి తప్పుకుంది. అంతకంటే మంచి మర్యాద నాకు దక్కాలని లేదు.

పాల సంగతి రాశావు. నేను కళ్ళు మూసుకుని తాగేవాణ్ణని, నాకేం తెలుసని. తెలుసక్కా. తలుపు కింద సందులోంచి నీ పాదాలు కనిపించేవి. అందుకే మూసుకునేవాణ్ణి.

ఆదివారం వస్తున్నాను. నేను వచ్చాక తిను. ఎదురుగా కూర్చుని, కళ్ళు తెరుచుకుని చూస్తాను.

నీ తమ్ముడు
(రిజిస్టర్లో కూడా)