ఎత్తని చెయ్యి

ఆదివారం రాత్రి, చైతన్యపురి

నిద్ర రావడం లేదు. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చిన ఆయన అన్నం తిని హాయిగా గురక పెడుతున్నారు. నాకు మాత్రం పొద్దుటి కాలనీ మీటింగే కళ్లముందు తిరుగుతోంది.

ప్రైవేటు ఇళ్ల కిరాయిలు ఇష్టమొచ్చినట్టు పెంచకుండా చట్టం తెమ్మని ప్రభుత్వాన్ని అడుగుతూ కార్పొరేషన్‌లో తీర్మానం పెడతానన్నాడు మా కార్పొరేటర్. "ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు. నా చెయ్యి ఒళ్లోంచి లేవబోయింది. కానీ పక్క కుర్చీలో మా ఓనర్ లక్ష్మమ్మ కూర్చుని ఉంది. మా పదకొండు నెలల అగ్రిమెంటు ఈ నెలతో అయిపోతోంది. ఆవిడ ముందు చెయ్యెత్తితే, మేం ఇంట్లో ఉండగానే గేటుకి టులెట్ బోర్డు వేలాడదీస్తుందని భయమేసింది. కొంగు సర్దుకుంటున్నట్టు నటించాను.

తలెత్తి చూస్తే ఆవిడ చెయ్యి అందరికంటే పైన ఉంది! "మా బిడ్డ నాగోల్‌ల కిరాయికుంటది. ఆ ఓనర్ ఏటేటా పెంచి సతాయిస్తుండు" అంది నాతో.

సాయంత్రం లక్ష్మమ్మ కింది పోర్షన్ నుంచి మెట్లెక్కి వచ్చింది. టీ ఇచ్చాను. తాగి, మెల్లగా మొదలుపెట్టింది.

"కొత్త అగ్రిమెంట్ల కిరాయి జర పెంచుతనమ్మా. నీకు బరువైతదేమోనని పరేషాన్ అయిన. కానీ పొద్దున నువ్వు చెయ్యెత్తలే గదా, గప్పుడు నా మనసు నిమ్మళమైంది."

సరేనని తలూపాను.

ఆయనకింకా చెప్పలేదు. పొద్దున లేవగానే అడుగుతారు, మీటింగ్‌లో ఏం తేలింది, మనకేమైనా మేలు జరుగుతుందా అని.