ఎఫ్ మేజర్‌కు బదులు

నర్సీపట్నం

చిరంజీవి ఫణిశ్రీకి,

నా ఎడమచెయ్యి పడిపోయిందని రోలుగుంట బంధువులదాకా పాకిన మాట నిజం కాదు. ఆ చేత్తోనే కాగితం కదలకుండా పట్టుకొని ఈ ఉత్తరం రాస్తున్నాను. చూపుడువేలి కణుపు వాచింది, అంతే.

గిటారు మీద ఎఫ్ మేజర్ అనే స్వరాల కూర్పు పలకాలంటే ఆ వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా పరచి నొక్కాలి. నాకది సాధ్యం కావడం లేదని గమనించి మా గిటారు మాస్టారు కొండబాబు, "అమ్మగారూ, బదులుగా ఎఫ్ మేజర్ సెవెన్ ఎయ్యండి. మూడు వేళ్ళ కొసలు సాలు, కింద తీగని ఒగ్గేయండి" అన్నాడు.

"అది మోసం కాదా?" అన్నాను.

"కందిపప్పు అయిపోతే పెసరపప్పుతో పప్పు సెయ్యరేటండీ!"

వాయించాను. నాదం కాస్త మెత్తబడిందే తప్ప పాట ఎక్కడా చెడలేదు. పాడుతున్న నా స్నేహితురాలు వర్ధనమ్మ, "ఇదే ఉంచవే, నా గొంతులో వణుకును కప్పేస్తోంది" అని మురిసిపోయింది.

వీడియో కాల్‌లో నా వేలు చూసి నువ్వు బెంగపడి మీ నాన్నకు చెప్పడం ప్రేమతోనే. నన్నడగకుండా వాడు విశ్రాంత అధ్యాపకుల సభలో మా పాట నుంచి నా పేరు తీయించడమూ ప్రేమే. కానీ నా తరఫున వద్దనే అధికారం మీ ఇద్దరికీ నేనివ్వలేదు, తల్లీ.

నిన్న ఆటోలో కార్యదర్శిగారింటికి వెళ్ళి నా పేరు మళ్ళీ చేర్పించి వచ్చాను. ఆదివారం సభకు నువ్వు వస్తే సంతోషిస్తాను. రాకపోయినా వాయిస్తాను.

ఆశీస్సులతో,
నీ మేనత్త